తొమ్మిది డబ్బీలు

కాటమయ్య మేస్త్రీకి తన రొమ్ము మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. నలభై అయిదు దాటినా బండరాళ్లు ఎత్తడంలో కుర్రాళ్లను ఓడించేవాడు. పొద్దున లేవగానే చుట్ట కాల్చి, పేగులు కదిలేలా దగ్గి, ఇంత కళ్లె ఉమ్మితే గాని పనికి బయలుదేరేవాడు కాదు. అది చుట్ట దగ్గు అని కొట్టిపారేసేవాడు. ఆ చుట్ట వెలిగించి, తనూ రెండు దమ్ములు లాగి అతని చేతికిచ్చేది భార్య బిక్షమ్మ.

పందొమ్మిదివందల అరవై మూడులో వానలు ముఖం చాటేస్తే, మక్తల్ దగ్గరి పల్లె నుంచి తనూ బిక్షమ్మా కలిపి తొమ్మిది మంది జట్టుగా కృష్ణ మీది ఆనకట్ట పనికి వచ్చాడు. కూలీల గుడిసెలకు సుగుణమ్మ అనే నర్సు వచ్చి, మూతలున్న రేకు డబ్బీలు పంచింది. ఒక్కో డబ్బీ మీద ఒక్కో పేరు.

"పొద్దుగాల లేవంగనే రొమ్ముల కెల్లి కళ్లె తీసి ఉమ్ముండ్రి. ఎవలది వాళ్లే ఉమ్మాలె. క్షయ ఉంటే దొరుకుతది, మందు ఇస్తం," అని చెప్పి వెళ్లింది.

మందు సంగతి కాటమయ్య చెవికెక్కలేదు. పోయిన నెల పక్క జట్టులో ఒక్కడికి క్షయ అని తేలితే, కంట్రాక్టరు జట్టు మొత్తాన్నీ వెళ్లగొట్టాడు. తన జట్టులో లింగస్వామి పదిహేను రోజులుగా దగ్గుతున్నాడు. వాడి ఉమ్మి దవాఖానకు పోతే అందరి నోట్లో మన్నే. అందుకే తెల్లవారగానే డబ్బీలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు.

"ఎవలది వాళ్లే అన్నది గదయ్యా నర్సమ్మ," అంది బిక్షమ్మ.

"నా రొమ్ము ఇనుము. నా ఉమ్మి పోతే ఎవలికీ ఫికర్ లేదు," అని, చుట్ట మీద చుట్ట కాల్చి తొమ్మిదీ నింపాడు. ఎంత తెలివి!

నాలుగో రోజు మధ్యాహ్నం సుగుణమ్మ వచ్చింది. వెనకే కంట్రాక్టరు గుమస్తా అమరేందర్.

"తొమ్మిదికి తొమ్మిది మందికీ క్షయనే! పొద్దుగూకేలోపల లారీ వస్తది. గుడిసెలు ఖాళీ చెయ్యుండ్రి," అన్నాడు గుమస్తా.

"పంపకుండ్రి సారూ, మందు ఈడనే ఉన్నది," అని సుగుణమ్మ ఎంత బతిమాలినా అతను వినలేదు.

కాటమయ్యకు విషయం వెంటనే అర్థమైంది. ఆ తొమ్మిది రోగాలూ ఒక్కడివే. నోరు విప్పితే మేస్త్రీగిరీ పోతుంది, తన చేతి మంచినీళ్లు ఎవరూ ముట్టరు. విప్పకపోతే ఊరికి పోయి గుట్టుగా చావొచ్చు. విప్పకూడదనే అనుకున్నాడు.

లింగస్వామి తల పట్టుకుని కూలబడ్డాడు. బిక్షమ్మ కుండలు మూటగట్టసాగింది. అంతలో జట్టులోని బాలింత యాదమ్మ గుడిసె నుంచి పసిపిల్ల ఏడుపు. ఎంతకీ ఆగదు. కాటమయ్య వెళ్లి చూస్తే పిల్ల ఒక మూల చాప మీద, తల్లి ఇంకో మూల. పాలు కారి ఆమె రవిక తడిసిపోయింది.

"పిల్లకు పాలియ్యి, యాదమ్మా."

"నాకు రోగమున్నదంట గద పెద్దనాయినా. ఎట్లియ్యాలె?"

అతనిక తట్టుకోలేకపోయాడు. వాకిట్లోకి వచ్చి అందరికీ వినబడేలా అన్నాడు: "గా డబ్బీలల్ల మీ ఎవ్వలి ఉమ్మీ లేదు. తొమ్మిదీ నేనే నింపిన. రోగం నాది."

సుగుణమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేసినవు మేస్త్రీ!" అని తిట్టిపోసింది. తర్వాత కొంగు నడుముకు దోపి గుమస్తా మీద పడింది. తన కళ్ల ముందే మళ్లీ ఉమ్మిస్తానని, మూడు రోజులు ఆగమని, రోగం లేదని తేలినవాళ్లను పనిలో ఉంచుకోవాలని పట్టుబట్టింది. చివరికి లారీ ఖాళీగా వెనక్కి పోయింది.

ఆ మూడు రోజులూ కాటమయ్య వేరే గుడిసెలో, వేరే ముంతతో గడిపాడు. ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా లేచి తడిక సందులోంచి చూసేవాడు.

ఫలితాలు వచ్చాయి. యాదమ్మకు లేదు. లింగస్వామికీ లేదు, వాడిది రాతిదుమ్ము దగ్గు. ఎనిమిదింటిలో ఏడు మంచివే. రోగమున్న ఎనిమిదో డబ్బీ బిక్షమ్మది.

గుడ్డిగా నమ్మిన రొమ్మును గుద్దుకుంటూ కాటమయ్య పసివాడిలా ఏడ్చాడు. బిక్షమ్మ చూరులోంచి చుట్టల కట్ట తీసి పొయ్యిలో వేసి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఎందుకేడుస్తవయ్యా? గీపారి నా డబ్బీ నేనే నింపుకున్న. లే, సూదికి పోదాం."