దుర్గ వినలేదని చెప్పాను

పదకొండేళ్ల కిందట నేనొక అబద్ధం ఆడాను. దాని బరువు నా మీద ఉందని చెప్పుకోవడానికి కూడా నాకు సిగ్గే. దాన్ని మా వీధిలో ఇంకో ఆడమనిషి మోస్తోంది. నేను రోజూ చూస్తున్నాను. చూస్తూ అన్నం తింటున్నాను.

నా పేరు రాయను. మాది కొల్లేటి ఒడ్డున ఒక ఊరు, ఆకివీడు దగ్గర. ఎముకలకి కట్టు కట్టడం మా అత్తింటి విద్య, మా మామగారు నేర్పారు. చెయ్యి విరిగినా కాలు మడతపడినా చుట్టుపక్కల వాళ్లు నా దగ్గరికే వచ్చేవారు. మినప్పిండి, గుడ్డుసొన కలిపి పట్టు వేసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టేదాన్ని. ఒక్కో కట్టు పదకొండు రోజులు. మా మామగారు పెట్టిన కట్టుబాటు ఒకటుంది: మూడు కట్లు పూర్తయ్యేదాకా ఆ ఒంటిమీద మరో చెయ్యి పడకూడదు. విరిగిన ఎముకని ఊరికే కదిపితే అతకదు కాబట్టి పెట్టిన మాట అది. నేను దాన్ని దేనికి వాడానో చెప్తాను.

దుర్గ మా వీధి కోడలు. భర్తకి చేపల చెరువుల మీద పని. ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. సునీత అని రాస్తాను, అసలు పేరు వేరు. సైకిల్ మీంచి పడింది, మోకాలి కింద నొప్పంటోందని తీసుకొచ్చారు. నేను చూశాను. బెణుకన్నాను, కట్టు కట్టాను. మాటకారి పిల్ల. "మామ్మా, మీ కట్టు కంపుకి పిల్లులన్నీ నా వెనకాలే బడికొస్తున్నాయి" అనేది. "పోన్లే, పిల్లులకైనా చదువొస్తుంది" అన్నాను. అప్పటికి నాకు చదువు లేదు. అరవై దాటాక, ఆ పిల్ల పోయాక, అంగన్‌వాడీ టీచరు దగ్గర కూర్చుని నేర్చుకున్నాను.

రెండో కట్టు విప్పినప్పుడు నా చేతికి తెలిసింది.

బెణుకు వాపు మెత్తగా ఉంటుంది, బొటనవేలు కింద కదులుతుంది. ఎముక విరిగితే లోపల కరకరమంటుంది. ఇది రెండూ కాదు. చర్మం కింద తాటిటెంక పెట్టి కుట్టినట్టుంది. కదల్లేదు. ముట్టుకుంటే వేడి. పైన చర్మం మెరుస్తోంది, నీలం నరాలు తేలాయి. నడిస్తేనే కాదు, కదలకుండా కూర్చున్నా నొప్పే. "రాత్రుళ్లు మరీ ఏడుస్తోందండి, దుప్పటి నోట్లో కుక్కుకుంటోంది" అంది దుర్గ. నలభై ఏళ్లలో అలాంటిది నా చేతికి తగల్లేదు. ఇది నా పని కాదని ఆ క్షణాన్నే తెలుసు. తెలియలేదని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, తెలుసు.

దుర్గే అడిగింది. "ఏలూరు తీసుకెళ్లి ఎముక ఫొటో తీయిద్దామాండీ?"

"కట్టు మీదున్న కాలు కదుపుతావా? మూడు కట్లు కానీ. నా చెయ్యి మీద నమ్మకం లేకపోతే చెప్పు, ఇప్పుడే విప్పేస్తాను, ఎక్కడికి తీసుకుపోతావో పో."

దుర్గ తల దించుకుంది. "అయ్యో, అలా కాదండీ" అంది.

ఎందుకన్నాను? ఆ ఏడు మా ఊళ్లో ఇద్దరు నన్ను కాదని ఆకివీడు పోయి కాలికి ప్లేటు వేయించుకున్నారు. ముసల్దాని చెయ్యి పడిపోయిందని చెరువు గట్ల మీద అనుకుంటున్నారు. అది నా చెవిన పడింది. ఒక ఆడపిల్ల కాలు నా పరువుకి అడ్డం పెట్టాను, అంతే. మూడు కట్లు అన్నదాన్ని ఏడు కట్టాను. ప్రతిసారీ నూనె పెట్టి ఆ గడ్డని రుద్దాను. రుద్దే కొద్దీ పెరుగుతోందని కళ్లతో చూస్తూ రుద్దాను.

ఏడో కట్టు మీద ఉండగా సునీత ఇంటి మెట్టు దిగుతుంటే కాలు ఫట్టుమంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. అడుగు వేసింది, విరిగింది. అప్పుడు ఆటోలో ఏలూరు. నేనూ వెళ్లాను. ఎక్స్‌రే తీశారు, స్కానింగు తీశారు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఎముక క్యాన్సర్ అని తేలిన రోజూ నేను అక్కడే ఉన్నాను. డాక్టరు కుర్రవాడు, నెమ్మదిగా చెప్పాడు. ఎదిగే వయసు పిల్లలకి ఎక్కువగా మోకాలి దగ్గరే వస్తుందట. ఎందుకొస్తుందో చాలామంది విషయంలో ఎవరూ చెప్పలేరట. సైకిల్ మీంచి పడినందుకు రాలేదు, పడ్డాక కనపడిందంతే అన్నాడు. "దీన్ని ఎవరైనా రుద్దారా? ఇంత ఆలస్యం ఎందుకైంది?" అని అడిగాడు. దుర్గ నా వైపు చూడలేదు. "మేమే అశ్రద్ధ చేశామండీ" అంది.

అక్కడ నోరు విప్పాల్సింది. విప్పలేదు. అంతటితో ఆగి ఉంటే పిరికితనం అని సరిపెట్టుకునేదాన్ని.

ఆ తర్వాత ఇంకో స్కానింగు కోసం దుర్గ పిల్లతో గదిలోకి వెళ్లినప్పుడు భర్త నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. అతను ఎక్కువ రోజులు చెరువుల దగ్గరే ఉండేవాడు, కట్టు కట్టేటప్పుడు మేం ఏం మాట్లాడుకున్నామో అతనికి తెలీదు.

"మామ్మగారూ, మీకు ముందే అనుమానం రాలేదాండీ?"

"వచ్చింది నాయనా."

"మరి చెప్పలేదేమండీ?"

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఏలూరు తీసుకుపొమ్మన్నాను. దుర్గే వినలేదు. ఇంకో కట్టు చూద్దామంది."

అతను రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల చూశాడు. అనుమానం వచ్చిందన్న నిజాన్ని ముందు పెట్టి, దాని వెనక అబద్ధాన్ని నడిపించాను. అంత తెలివి నాకెక్కణ్ణించి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

పెద్దాసుపత్రిలో ముందు సెలైన్లలో మందెక్కించారు. జుట్టంతా ఊడింది. గడ్డ చిన్నదిగా ఉండగా వస్తే ఆ ఎముక ముక్క తీసి లోపల లోహపు కడ్డీ పెట్టి కాలు నిలబెట్టే వీలుండేదన్నారు. ఇక్కడ ఎముక విరిగిపోయింది, గడ్డ పాకింది. మోకాలి పైకి కాలు తీసేశారు. మళ్లీ మందెక్కించారు. ఏడాది బాగానే ఉంది, చంకకర్రలతో బడికి కూడా వెళ్లింది. తర్వాత దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల్లోకి వచ్చేసిందన్నారు. పదో తరగతి పరీక్షలు రాయలేదు.

ముందే తీసుకెళ్తే బతికేదా? డాక్టర్ని అడిగాను. "కాలు నిలిచేదేమో. ప్రాణం సంగతి కచ్చితంగా చెప్పలేం" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను చాలా ఏళ్లు నిద్రపోయాను. కచ్చితం కాదు కదా అనుకునేదాన్ని. కానీ ఆ పిల్లకి రావాల్సిన రెండున్నర నెలలు నా గుడ్డపీలికల కింద పోయాయి కదా, దానికి ఏ డాక్టరు ఏం చెప్తాడు? అది కచ్చితమే కదా?

పిల్లని చేతులారా చంపుకుందని దుర్గని అత్తింటివాళ్లు ఇప్పటికీ అంటారు. ఆడబిడ్డ నలుగురిలోనే అంటుంది, "పెద్దావిడ చెప్తే వినలేదు, ఏం తల్లివే" అని. భర్త కొట్టడు, తిట్టడు. మాట్లాడడు. ఒకే ఇంట్లో పదకొండేళ్లుగా అవసరమైన మాటే తప్ప మాట లేదు. దుర్గ నన్ను ఎప్పుడూ నిలదీయలేదు. వీధిలో ఎదురైతే పక్కకి తప్పుకుంటుంది, అంతే. నా మాట మీద ఎదురు చెప్తే ఎవరూ నమ్మరని ఊరుకుందా? తనే గట్టిగా పట్టుబట్టి తీసుకెళ్లాల్సిందని తనూ అనుకుంటోందా? రెండోదే అయితే నా పాపం ఇంకా పెద్దది.

కట్లు మానేశాను. ఎవరొచ్చినా ఎక్స్‌రే తీయించుకోమని పంపేస్తాను. ఎదిగే పిల్లలకి ఎముక మీద గట్టి వాపు, పడుకున్నా తగ్గని నొప్పి రెండు మూడు వారాలుంటే రుద్దకండి, కట్టకండి, నాలాంటి వాళ్ల మాట వినకండి. ఇది చెప్పినందుకు నాకు పుణ్యం వద్దు.

ఈ కాగితం దుర్గకి ఇవ్వక్కర్లేదు. ఇందులో ఆమెకి తెలియంది లేదు. భర్తకిస్తాను, అతనికి చదువొచ్చు. పొద్దున్న చెరువు గట్టు మీదకి నేనే తీసుకెళ్తాను. తిడతాడో, నీళ్లలోకి తోస్తాడో, ఏమీ అనకుండా మేత బస్తా ఎత్తుకుని పోతాడో తెలీదు. ఊళ్లో ఎలా బతకాలో కూడా ఆలోచించలేదు. అబద్ధం ఆడానన్న ఆ ఒక్క ముక్క రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రాశాక మాత్రం గుండె మీంచి చెయ్యి తీసినట్టుంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు.

అతను చదివాకే దీన్ని బయటికి పంపమని టీచరుతో చెప్పాను. కాబట్టి మీరు చదువుతున్నారంటే అతనికి తెలిసిపోయింది. దుర్గ వినకపోవడం కాదు. నేను చెప్పలేదు.