బొమ్మ వెనక మాట

ఏసమ్మ గారి ఫోను ఆ ఉదయం మూడోసారి మోగింది. ఇద్దరు నర్సులు అప్పటికే చేశారు. ఇప్పుడు మండపేట అవతలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి స్టాఫ్ నర్సు వెంకటదుర్గ.

"చార్టు బాగుందండి అమ్మగారూ. అక్షరాలు పెద్దగా, చదవడానికి హాయిగా ఉందండి. కానీ నేను చదువుతుంటే ఆడవాళ్ళు నవ్వుతున్నారండి."

"నవ్వడమేంటి? ఎక్కడ నవ్వుతున్నారు?"

"మగవాళ్ళ ఆపరేషను దగ్గరండి. మీ ఆయన వారం రోజులు సైకిలు తొక్కకూడదు అని చదివానా, ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుందండి. అది సరే. నిన్న ఒకమ్మాయి మూడు నెలల ఇంజెక్షను కావాలనే వచ్చి, చార్టు చూపించాక వద్దని వెళ్ళిపోయిందండి. లావణ్యని. చంటిపిల్ల తల్లి."

"ఎందుకొద్దంది?"

"అదే తెలీట్లేదండి."

ఏసమ్మ గారికి కుర్చీలో కూర్చున్నా కాళ్ళు నిలవలేదు. తెలీకపోవడమనేది ఆవిడ ఉద్యోగంలో లేదు. రావులపాలెం దగ్గరి లంకలో పుట్టి, మిషన్ బడిలో పదో తరగతి చదివి, ఏఎన్ఎంగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. ముప్ఫయ్యారేళ్ళ సర్వీసు. వరదొచ్చిన ఏడు టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని నావలో గోదావరి దాటింది. వెయ్యిన్నూట నలభై కాన్పులు చేసింది, ఒక్క తల్లినీ పోగొట్టుకోలేదు. ఇద్దరు కలెక్టర్లు సర్టిఫికెట్లిచ్చారు. అవి రెండూ అద్దాల ఫ్రేముల్లో ఉన్నాయి. ఒకదాని మీద పేరు తప్పు పడింది గానీ ఆ తప్పు ఆవిడది కాదు, గుమాస్తాది.

రిటైరైన ఏడాదికే రాజమహేంద్రవరంలో ఒక శిక్షణ సంస్థ పిలిచింది. కుటుంబ నియంత్రణ పద్ధతుల మీద డాక్టర్లకీ నర్సులకీ పాఠాలు తయారు చేయించడం, ప్రతి గురువారం వాళ్ళ ఫోన్లకి పంపడం, ఊరూరా తిరిగి అవి ఎలా నడుస్తున్నాయో చూసి రావడం ఆవిడ పని. రెండువందల పన్నెండు మంది పేర్లు, వాళ్ళ ఊళ్ళతో సహా, ఆవిడకి నోటికొచ్చు.

ఈ చార్టయితే ఆవిడ కిరీటం. బల్ల మీద క్యాలెండరులా నిలబడుతుంది. అటు కూర్చున్న తల్లికి బొమ్మ కనిపిస్తుంది, ఇటు కూర్చున్న నర్సుకి చదవాల్సిన మాటలు కనిపిస్తాయి. కాగితం పైనుంచి తిప్పితే మరో బొమ్మ, మరో మాట. ప్రెస్సు అచ్చిబాబు నమూనా కాగితాలు విడివిడిగా పంపినప్పుడు ఒక్కో దాన్నీ ఒళ్ళో పెట్టుకుని వెనకా ముందూ చూసింది ఏసమ్మ గారే. చూసి, గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏంటి అచ్చిబాబూ ఇది? మాత్రల బొమ్మ వెనక ఇంజెక్షను మాటలేంటి? అన్నీ ఒక్కో కాగితం జరిగి పడ్డాయి!"

"ఫైలే అలా వచ్చిందండి. పైవాళ్ళు పంపిందేనండి."

"పైవాళ్ళు పల్లెటూళ్ళో కాన్పు చేశారా ఎప్పుడైనా? ఏ బొమ్మ మాటలు ఆ బొమ్మ వెనక వెయ్యి."

అచ్చిబాబు వేశాడు, మూడు వందల ప్రతులు. తప్పు పట్టుకున్నందుకు ఆఫీసులో సంస్థ డైరెక్టరు డాక్టర్ ఫణీంద్ర చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్ల సంగతి ఆవిడ అందరికీ చెప్పుకుంది, చర్చిలో కూడా.

ఇప్పుడదే ఫణీంద్ర సంగతి విని కళ్ళజోడు తీశాడు. "అమ్మగారూ, శనివారం ఇంకో రెండువేలు అచ్చుకి వెళ్తున్నాయి. ఈలోపు లోపమేంటో తేలకపోతే చార్టు మొత్తం ఆపేస్తానండి."

"లోపం చార్టులో లేదు బాబూ. చదవడంలో ఉంది. నేనెళ్ళి చూస్తాను."

మర్నాడు బస్సులో మండపేటలో దిగి, ధాన్యం లారీల మధ్య నుంచి ఆటోలో ఆరోగ్య కేంద్రానికి చేరింది. వెంకటదుర్గ పక్కన కుర్చీ వేసుకుంది. ముప్ఫయ్యారేళ్ళుగా ఆవిడ కుర్చీ నర్సు పక్కనే. వెంకటదుర్గ చదివింది. తప్పు లేదు. మళ్ళీ చదివించింది. అక్షరం పొల్లు పోలేదు. కబురంపితే లావణ్య పిల్లని చంకనేసుకుని వచ్చింది. ఇంటర్ చదివిందట. మాట సూటిగా ఉంది.

"ఇంజెక్షను ఎందుకొద్దన్నావమ్మా?"

"పాలిచ్చే తల్లికి పనికిరాదన్నారుగా."

"ఎవరన్నారు?"

"ఈవిడేనండి."

"నేనా!" వెంకటదుర్గ లేచి నిలబడింది. "మాత్రల గురించి అన్నాను. పాలిచ్చేవాళ్ళు ఆర్నెల్ల దాకా ఆ మాత్రలు వాడకూడదని."

"సూది బొమ్మ చూపిస్తూ మాత్రలంటారేంటండి? నోరు జారారనుకున్నాను."

"నేను సూది చూపించలేదు!"

"చూపించారు. మగవాళ్ళ ఆపరేషనంటూ మా ఆయనకి జడ కూడా వేసి చూపించారు."

ఇద్దరూ ఒట్లు పెట్టుకునే దాకా వెళ్ళారు. ఏసమ్మ గారికి ఎవరూ అబద్ధమాడుతున్నట్టు లేదు. ఇద్దరూ నిజం చెబితే మరి ఇదేంటి? ఎండదెబ్బా? పిల్ల గుక్కపట్టి ఏడవసాగింది. ఏసమ్మ గారు అలవాటు కొద్దీ చేతుల్లోకి తీసుకుని గదిలో అటూ ఇటూ తిప్పుతూ, "చదువమ్మా దుర్గా, మళ్ళీ మొదట్నుంచి" అంది.

వెంకటదుర్గ చదువుతోంది. పిల్లతో పాటు లావణ్య వెనక్కి చేరిన ఏసమ్మ గారు తలెత్తి ఆగిపోయింది. చెవిలో మాత్రలు. కంట్లో సూది.

"ఆగు." దగ్గరికెళ్ళి కాగితం తిప్పింది. వెనక్కి తిప్పింది. చార్టు ఇటు చూసింది, అటు చూసింది. తిప్పిన కాగితం వీపు నర్సుకి, దాని కింది కాగితం ముఖం తల్లికి. తల్లి చూసే బొమ్మా, నర్సు చదివే మాటా ఎప్పుడూ రెండు వేరు వేరు కాగితాల మీద ఉంటాయి. అందుకేనా పైవాళ్ళు మాటల్ని ఒక కాగితం జరిపి వేసింది? మరి ఒళ్ళో పెట్టుకు చూసినప్పుడు... మళ్ళీ తిప్పింది. పిల్ల ఏడుపు మానేసి ఆవిడ చేతికేసి చూస్తోంది.

"దుర్గ తప్పు లేదమ్మా" అంది చివరికి. "నీదీ లేదు. సరిగ్గా ఉన్నదాన్ని నేను దిద్దాను."

లావణ్య నమ్మలేదు. "మొన్న పనికిరాదన్నారు, ఇవాళ పనికొస్తుందంటున్నారు. రేపేమంటారండి?"

ముప్ఫయ్యారేళ్ళ సర్వీసు నాలుక చివరి దాకా వచ్చింది గానీ ఆవిడ మింగేసింది. చార్టు పడుకోబెట్టి సూది బొమ్మ చూపించి, అదే కాగితం బోర్లా తిప్పి, "నువ్వే చదువుకోమ్మా" అంది.

లావణ్య వేలు పెట్టి చదివింది. బిడ్డ పుట్టిన ఆరు వారాల తర్వాత పాలిచ్చే తల్లి కూడా తీసుకోవచ్చునని ఉంది. రెండోసారీ చదివింది. "ఇది ఎవరూ దిద్దలేదుగా?"

"లేదు తల్లీ. కావాలంటే లోపల డాక్టరమ్మనీ అడుగు."

అడిగింది. వచ్చి కూర్చుంది. వెంకటదుర్గ బీపీ చూసి, అడగాల్సినవన్నీ అడిగి, ఇంజెక్షను వేసింది.

బయట వేపచెట్టు కింద నిలబడి ఏసమ్మ గారు ముందు అచ్చిబాబుకి చేసింది.

"శనివారం అచ్చు ఆపు. మొదట వచ్చిన ఫైలే వెయ్యి."

"నేనప్పుడే చెప్పానండి, పైవాళ్ళు..."

"చెప్పావు. నేనే వినలేదు."

తర్వాత రెండువందల పన్నెండు మందికీ వాయిస్ మెసేజీ పంపడానికి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "ముప్ఫయ్యారేళ్ళ సర్వీసులో..." అని మొదలుపెట్టి చెరిపేసింది. "ఇద్దరు కలెక్టర్ల చేత..." అదీ చెరిపేసింది. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు.

"నేను ఏసమ్మని. చార్టులో తప్పుంది, అది నేను చేసిందే. కొత్తవి వచ్చేదాకా నిలబెట్టకండి. బొమ్మ చూపించి, అదే కాగితం తిప్పి చదవండి. ఇంజెక్షను వద్దని వెళ్ళిన పాలిచ్చే తల్లులెవరైనా ఉంటే వాళ్ళ ఇంటికెళ్ళి చెప్పండి. పేర్లు నాకూ పంపండి, నేనూ వస్తాను. కొత్తవి వచ్చాక, చదివే ముందు ఒకసారి తల్లి కూర్చునే స్టూలు మీద కూర్చుని చూడండి. నేను ఇన్నేళ్ళలో కూర్చోలేదు."