ధవళేశ్వరంలో దిగలేదు

ఈ రోజు ఆఫీసయ్యాక రాజమండ్రిలో నిడదవోలు బస్సెక్కితే, వీపున పెద్ద సంచీతో ఓ జర్మనీ అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఇరాన్, పాకిస్తాన్ సరిహద్దులు బస్సుల్లోనే దాటుకుంటూ ఒక్కతే వచ్చిందట.

"భయం వెయ్యలేదా?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

"వేసింది. అయినా బస్సెక్కేశాను" అంది నవ్వుతూ.

కుళ్ళుకున్నాను, దాచడమెందుకు! నేను ఒంటరిగా ద్రాక్షారామం వెళ్ళాలన్నా ఇంట్లో అందరికీ చెప్పుకోవాలి.

ఇంతలో నేను దిగాల్సిన ధవళేశ్వరం వచ్చింది. దిగలేదు. ఆ అమ్మాయితోపాటు బ్యారేజీ దాటి, అవతల పశ్చిమ గోదావరి జిల్లాలో దిగి, తిరుగు బస్సెక్కాను.

"ఇంత ఆలస్యమైందేంటి?" అన్నారు మావారు.

"జిల్లా సరిహద్దు దాటొచ్చానండి" అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

నా కుళ్ళు మాత్రం ఇంకా తగ్గలేదు. నిజం చెప్పండి, మీకైతే పుట్టదా?