వొబ్బె గడియారం దిగుతుందే కాని ఎక్కదు

వొబ్బె పోస్ట్‌మా తన జీవితంలో ఏ లెక్కా కింది నుంచి మొదలుపెట్టలేదు. ధరైనా, వయసైనా, ఒంట్లో నొప్పైనా ముందు ఆకాశానికి ఎక్కేవాడు. అక్కణ్నుంచి మెట్టుమెట్టుగా దిగుతూ, ఎవరైనా "ఆపు" అనేదాకా దిగుతూనే ఉండేవాడు.

తప్పు ఆయనది కాదు, వృత్తిది. ఫ్రిస్లాండ్ తీరాన వెస్టర్‌సీల్ రేవులో చేపల వేలం గడియారం నడిపింది ఆయనే. అక్కడి వేలంలో పాట పైకి పోదు. గోడ మీది పెద్ద గడియారం ముల్లు కొండంత ధర దగ్గర మొదలై కిందికి జారుతుంది. బల్లల మీద కూర్చున్న వర్తకుల్లో ముందుగా మీట నొక్కినవాడిదే చేపల పెట్టె. తొందరపడితే జేబుకు చిల్లు, తాత్సారం చేస్తే చేప పక్కవాడికి.

ఆ ముల్లు వొబ్బె ఒంట్లోకి ఎక్కిపోయింది. ఒకసారి మోకాలు పట్టేస్తే డాక్టరు అడిగాడు, "పదికి ఎంత నొప్పి?" అని. "పది" అన్నాడు వొబ్బె. డాక్టరు కంగారుపడి అంబులెన్సు పిలిపించాడు. అది వచ్చేసరికి మనవాడు "మూడు, రెండు..." అంటూ దిగుతున్నాడు. "ఒకటి" దగ్గర అంబులెన్సు డ్రైవరుకే విసుగొచ్చి, ఆయన్ని ఇంటి దగ్గర దింపి వెళ్లాడు.

ట్రీన్‌ను పెళ్లికి అడిగినప్పుడూ అదే వరస. "మనకు పన్నెండు మంది పిల్లలు" అని మొదలుపెట్టాడు.

"రెండు దగ్గర ఆపాను" అంటుంది ట్రీన్ ఇప్పటికీ. "ఇంకాస్త ఓపిక పట్టి ఉంటే ఒక కుక్కపిల్లతో సరిపోయేది."

చేపల వేలం పక్క ఊరికి తరలిపోయాక వొబ్బె గడియారం మూగబోయింది. ఆ భవనం పై అంతస్తులోకి నీంకె అనే అమ్మాయి ఒక ఆఫీసు తెచ్చి పెట్టింది. డాట్ కామ్ లాంటి కొత్త తోక ఒకటి ఇంటర్నెట్‌లోకి వదలడం వాళ్ల పని. తోక పేరు డాట్ హావెన్. అక్కడివాళ్ల భాషలో హావెన్ అంటే రేవు. పడవల వాళ్లు, వలల వాళ్లు, కాఫీ బల్లల వాళ్లు తమ పేరుకు ఆ తోక తగిలించుకుంటే, ఎక్కడున్నా ఇది ఫలానా రేవు సరుకని తెలిసిపోతుంది.

తోక అమ్మే పద్ధతిని నీంకె వొబ్బెకు వివరించింది. మొదట ట్రేడ్‌మార్కులున్న కంపెనీలు తమ పేర్లు పట్టుకుపోతాయి. ఆ తర్వాత వారం రోజులు మిగతా పేర్ల ధర రోజురోజుకూ తగ్గుతుంది. తొలి రోజు కొనాలంటే పడవ అమ్ముకోవాలి, చివరి రోజుకు సైకిలు అమ్ముకుంటే చాలు. వారం గడిచాక ఎవరికైనా ఏడాదికి ఇరవై యూరోలు. మరీ మంచి పేర్లకు మాత్రం విడిగా ధర కడతారు, మనం దించితే తప్ప అవి దిగవు.

వొబ్బె తాపీగా విన్నాడు. "ఇది మా గడియారమే కదమ్మాయ్. చేపల వాసన ఒక్కటే తక్కువ."

ఆ మాటకే ఆయన్ని ధరలు కట్టే ఉద్యోగంలో పెట్టుకుంది నీంకె. ఆయన కట్టిన ధరలు చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. ఏ పేరు దగ్గర ఏ వర్తకుడి వేలు దురద పెడుతుందో ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఒక్క పేరు దగ్గర మాత్రం తేడా వచ్చింది.

"వొబ్బె గారూ, 'నెల్' అనే పేరుకు లక్ష యూరోలు వేశారు. సున్నాలు ఎక్కువ పడ్డాయా?"

"సరిగ్గానే పడ్డాయి."

"నెల్ అంటే మన నెల్ కదా. కింద బఠాణీ సూపు కాచే నెల్."

"ఆవిడే. మంచి సూపు."

రేవుకు వచ్చే ఓడలు ఒడ్డుకు చేరకముందే నెల్‌కు ఇంటర్నెట్‌లో సూపు చెప్పి ఉంచుతాయి. ఆ సూపు మీదే ఆమె బతుకు. అయితే డాట్ కామ్ తోకతో ఉన్న నెల్ పేరును కాస్పర్ అనే ఆమ్‌స్టర్‌డామ్ బేరగాడు ఎప్పుడో ఎగరేసుకుపోయి, గడ్డకట్టిన సూపు డబ్బాలమ్మే కంపెనీకి అమ్మాడు. సగం ఓడలు ఇప్పుడు ఆ డబ్బాలే తింటున్నాయి. కొత్త తోకతోనైనా ఆమె పేరు ఆమెకు దక్కకపోతే పొయ్యి ఆర్పుకోవాల్సిందే. "ఈసారి ఇరవై యూరోలకు నీ పేరు నీకు ఇప్పిస్తాను" అని నీంకె ఆమెకు మాట ఇచ్చింది.

"ధర దించండి" అంది నీంకె.

"దిగుతుంది. దిగకుండా ఎక్కడికి పోతుంది?" అన్నాడు వొబ్బె. తర్వాతి పేరుకు ధర కట్టడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి వార్త రేవంతా పాకింది. నెల్ గరిటె పట్టుకుని మేడ ఎక్కి వచ్చింది. "నన్ను లక్షకు అమ్మకానికి పెట్టావట. కొనేవాడెవడైనా వస్తే ముందు నాకు చూపించు. చూడ్డానికి బాగుంటే నేనే వెళ్లిపోతాను."

ట్రీన్ మాత్రం నవ్వలేదు. "ఏమయ్యా, ఆ నెల్‌కు లక్షా? మరి ఇన్నేళ్ల కాపురంలో నాకు కట్టిన ధర ఎంతో?" అంది. ఆ వారమంతా వొబ్బెకు ఇంట్లో చల్లటి రొట్టె, ఆరిపోయిన కాఫీ.

ధరలు దిగే వారం వచ్చింది. పేర్లు పెట్టెల్లా కదిలాయి. చివరి రోజున కాస్పర్ ఫోను చేశాడు.

"వొబ్బె గారూ, ఇంగ్లిషులో మూడక్షరాల పేర్లన్నీ మూటగట్టాను. ఆ నెల్ ఒక్కటే మిగిలింది. ఐదు వేలకు దించితే అదీ తీసేసుకుంటా."

"నీ కళ్లకు లక్ష కనబడ్డం లేదా బాబూ?"

"లక్ష పెట్టి సూపు పేరెవడు కొంటాడండీ? మీ తల తిరిగింది." కాస్పర్ పకపకా నవ్వి, ఆ పేరును తన జాబితాలోంచి కొట్టేశానని చెప్పి ఫోను పెట్టేశాడు.

వొబ్బె రిసీవరును మెల్లగా దించి, "కోటు వేసుకున్నాడు" అన్నాడు. నీంకెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున అందరికీ అమ్మకం తెరిచారు. వొబ్బె కబురు పెడితే నెల్ ఏప్రాన్‌తోనే వచ్చింది. చద్దిమూట విసిరేసి పోదామని వచ్చిన ట్రీన్ కూడా గుమ్మంలో ఆగిపోయింది. వొబ్బె నెల్‌ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఆమె వేలు మీట మీద పెట్టించి, కళ్లు మూసుకున్నాడు.

"లక్ష. తొంభై వేలు. ఎనభై వేలు..."

"వొబ్బె, కింద నా సూపు మాడిపోతోంది."

"డెబ్బై వేలు..."

అప్పుడు నెల్ గరిటె బల్ల మీద పెట్టేసింది. "ఆగు. మా ఆయన యుర్రె సముద్రంలో మునిగిపోయిన ఏడాది, శుక్రవారం చివరి పెట్టెకు కూడా నువ్వు ఇలాగే మతిలేని ధర పెట్టేవాడివి. వర్తకులు నవ్వుకుని, కోట్లు తగిలించుకుని ఇళ్లకు పోయేవాళ్లు. ఖాళీ హాల్లో ముల్లు జారి జారి నా చిల్లర దగ్గరికి వచ్చేది. నా అదృష్టం అనుకున్నాను ఇన్నాళ్లూ."

"అదృష్టమే. మాట్లాడకు, లెక్క తప్పుతుంది" అన్నాడు వొబ్బె. చెవులు మాత్రం ఉడికిన రొయ్యల్లా ఎర్రబడ్డాయి.

నీంకెకు అప్పుడు వెలిగింది. పేరు ధర పెంచాలంటే ఆరు నెలల ముందు లోకమంతా చాటాలి. దించడానికి ఎవరికీ చెప్పక్కర్లేదు, కోటు వేసుకుని పోయిన కాస్పర్‌కు కూడా.

"ఇరవై" అంటూ వొబ్బె ఆ ధరను కంప్యూటరులోకి ఎక్కించాడు. "నొక్కు."

నెల్ నొక్కలేదు. ఆ రేవులో పుట్టిన మనిషి ముల్లు ఇంకా జారుతుందన్న ఆశ ఉండగా మీట నొక్కదు.

"నొక్కు నెల్" అంది నీంకె.

"ఉండమ్మా. పద్దెనిమిదికి దిగుతుందేమో చూస్తాను."

"ఇరవయ్యే అట్టడుగు ధర నెల్! కాస్పర్ మళ్లీ తొంగి చూశాడంటే పోతుంది."

"వొబ్బె సంగతి నాకు తెలుసు. అతనికి అడుగనేదే లేదు."

గుమ్మంలోంచి ట్రీన్ మూడంగల్లో వచ్చి, నెల్ వేలి మీద తన వేలు పెట్టి గట్టిగా నొక్కింది. "ఆపు" అంది.

నెల్ పేరు నెల్‌కు వచ్చింది. పద్దెనిమిదికి దక్కాల్సింది ఇరవైకి అంటగట్టారని గొణుగుతూనే ఆమె మాడుతున్న సూపు దగ్గరికి పరుగెత్తింది. మధ్యాహ్నం అందరికీ గిన్నెలు పంపింది. వొబ్బె గిన్నెలో సాసేజి ముక్కలు పైదాకా ఉన్నాయి.

ట్రీన్ ఆ ముక్కల్లో సగం తన గిన్నెలోకి తోడుకుంది. "అది సరే. నా ధర సంగతి ఇంకా తేల్చలేదు."

వొబ్బె చెంచా కింద పెట్టాడు. "నీ ముల్లు పైనే ఉంది, ట్రీన్. పెళ్లయిన రోజు నుంచి ఒక్క మెట్టు కూడా దించలేదు."

ట్రీన్ రెండు సాసేజి ముక్కలు వెనక్కి ఇచ్చింది.