ములాఖత్‌కు రాని చెల్లె

మంథని నుంచి వచ్చి నేను జైలు జనానా వార్డులో వార్డరుగా చేరేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లు కాలేదు. వార్డులో ఉన్నది ఆరుగురే. వాళ్లలో ఇచ్చోడ వైపు ముసలామె ఒకతి యావజ్జీవం పడ్డ మనిషి. మొగుడు ఆమె సొంత చెల్లెలినే రెండో పెళ్లి చేసుకున్నాడు. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒక పొయ్యి మీదే వండుకున్నారట. ఒకరోజు మాటా మాటా పెరిగి ఈమె రోకలితో కొట్టింది. చెల్లెలు అక్కడే ప్రాణం విడిచింది.

నేను చూసేసరికి ముసలామెకు అదేదీ గుర్తులేదు. ప్రతి ఉదయం చాప చుట్టి చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. "మా చెల్లె ఇంకా ములాఖత్‌కు రాలే, బిడ్డా?" అని అడిగేది. నాటుసారా అమ్మి జైలుకొచ్చిన బొగ్గుగని కాలనీ మనిషి ఒకామె ముసలామెకు తల దువ్వి, బువ్వ తినిపించి, చెల్లె చేనుకు పోయిందని, మాపటికి వస్తుందని చెప్పేది. ముసలామె సరేనని కూర్చునేది. మాపటికి అడగడం మరిచిపోయేది.

వారానికోసారి వచ్చే డాక్టరు ఆమె నాలుక చూసి, కళ్లు చూసి, వయసు మీద పడిందన్నాడు. నిద్రమందు రాశాడు. పిచ్చాసుపత్రికి పంపాలని హైదరాబాదుకు కాగితం పోయింది. ఎవరినైనా కొడుతుందా అని అక్కడి నుంచి అడిగారు. లేదని నేనే చెప్పాను. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

శిక్ష ముగిసి కాలనీ ఆమె వెళ్లిపోయింది. జవాబు చెప్పే పని నా మీద పడింది. అబద్ధం పాపమని చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్నదాన్ని. కొన్నాళ్లు మాట దాటేశాను. ఒకరోజు చెప్పేశాను.

"నీ చెల్లె లేదవ్వా. సచ్చిపోయింది. నువ్వే కొట్టినవ్."

"నేనా?" అంది. కబురు అప్పుడే అందినట్టు కూలబడింది. చెల్లెలిని చంకనెత్తుకుని తిప్పిన రోజులు చెప్పుకుంటూ పొద్దుగూకేదాకా ఏడ్చింది. నేను పక్కనే మిగతావాళ్ల చేత బియ్యం ఏరిస్తూ ఉన్నాను. నాకేమీ అనిపించలేదు. అనిపించినా గుర్తులేదు.

మర్నాటికి నా మాట మరిచిపోయింది. ఏడుపు మాత్రం మిగిలింది. ఎందుకు ఏడుస్తున్నావంటే, "ఏమో బిడ్డా, పానం మంచిగ లే" అనేది. తలుపు దగ్గరికి రావడం మానేసింది. గంజి తప్ప ఏదీ ముట్టలేదు. డాక్టరు అడిగితే ఎప్పటిలాగే ఉందన్నాను. నేను చెప్పిన మాట సంగతి చెప్పలేదు. అతను మందు పెంచాడు.

ఆ వానాకాలం జ్వరం వచ్చి ముసలామె చనిపోయింది. మూడోనాడు కొడుకు వచ్చాడు. వాగులు పొంగి బస్సులు నడవలేదన్నాడు. అప్పటికే మట్టి చేశారు.

"మా చిన్నవ్వ ముచ్చట ఏమన్న తీసిందా?" అని పిన్ని సంగతి మెల్లగా అడిగాడు.

"లే. నిద్రల పోయింది," అన్నాను.

"మంచిదాయె," అన్నాడు.

రెండు చీరలు, ఒక సత్తు గిలాస అప్పజెప్పి వేలిముద్ర వేయించుకున్నాను. చీరలు తలమీద కప్పుకుని అతను వానలోనే వెళ్లిపోయాడు.