చావిడి గోడకు ఇవతల

పదో తరగతితో నా బడి ఆగింది గానీ చదువు ఆగలేదు. మా ఊరు నల్లమాడ దగ్గర. కదిరికి ఏ పని మీద పోయినా గ్రంథాలయం మెట్లెక్కకుండా తిరుగు బస్సెక్కను. నేను చదివిన పుస్తకాల గురించి ఎవరైనా అడిగితే చాలు, పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోను. గ్రంథాలయంలో ఉండే పెద్దాయన నా కోసం విదేశాల సంగతులున్న పుస్తకాలు పక్కన తీసిపెట్టేవాడు. అలా ఒకసారి అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఇచ్చాడు. అరబ్బు దేశాల ఆడవాళ్ళు రాజకీయాల్లోకి, రాయబారాల్లోకి ఎట్లా వచ్చారో అందులో ఉంది.

నన్ను పట్టి నిలిపినవి మంత్రులైనవాళ్ళ కథలు కావు. యెమెన్ పల్లెల్లో నీళ్ళకో దారికో తగాదా వస్తే అక్కడి ఆడవాళ్ళు రెండు పక్షాల ఇళ్ళకూ తిరిగి సర్దుబాటు చేస్తారట. తీరా పెద్ద చర్చలు మొదలైతే, ఆ గదిలో వాళ్ళకు చోటు దొరకడం అరుదట. తమ మాటలు కాగితం మీద రాసి లోపలికి పోయే మగవాళ్ళకు ఇస్తే, ఆ కాగితాలు చాలాసార్లు జేబుల్లోనే ఉండిపోతాయట. పట్టుపురుగుల షెడ్డులో కూర్చొని ఆ పేజీలు మా తోడికోడలికి చదివి వినిపించాను. బురఖాల చాటున బతుకులు అని జాలిపడుతూ, మధ్యమధ్య నాకు తెలిసింది కూడా కలిపి చెబుతూ చదివాను.

తోడికోడల్ని నేను చెల్లీ అనే పిలుస్తాను. మా ఆయనా, మా మరిదీ వేరు కాపురాలు పెట్టినా బోరు మాత్రం ఒకటే. మా మామ వేయించింది. దాని కింద రెండు మల్బరీ తోటలు, రెండు షెడ్లు. పురుగుల పనంటే ఆడవాళ్ళ పనే. ఆకు కోయాలి, తట్టల్లో పరచాలి, తట్టలు శుభ్రం చేయాలి. పొర విడిచే ముందు పురుగులు మేత మాని కదలకుండా పడుంటాయి. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలికి అంతుండదు. అప్పుడు ఎవరైనా గంప పట్టుకొని వచ్చి అడిగితే ఆకు లేదనడం మా ఊళ్ళో లేదు. మాటల్లేని ఇళ్ళ మధ్య కూడా ఆకు నడుస్తుంది.

వానలు ముఖం చాటేసిన ఆ ఏడు బోరు నీళ్ళకంటే గాలే ఎక్కువ పోసింది. నా వంతులో నువ్వు మోటారు వేశావంటే నా వంతులో నువ్వు వేశావని అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. చివరికి ఒకరి ముఖం ఒకరు చూడటం మానేశారు. ఆదివారం చావిడిలో పంచాయతీ అని పెద్దలు చెప్పి పంపారు. ఇద్దరి షెడ్లలోనూ పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు తోటలకు తడి తప్పితే పంటంతా పోయినట్టే.

పంచాయతీకి ముందు చెల్లి, నేను, మా పక్కింటి పెద్దమ్మ షెడ్డులో కలిశాం. పెద్దమ్మ చాన్నాళ్ళు కువైట్‌లో ఒక ఇంట వంట చేసి వచ్చిన సాయిబుల ఆమె. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

చెల్లే ముందు నోరు తెరిచింది. "అక్కా, ఉండే నీళ్ళు రెండు తోటలకు చాలవు. ఒక తోటకే కడదాం. రెండిళ్ళ పురుగులు ఒకే షెడ్డులో మేపుదాం. పట్టుగూళ్ళు చెరిసగం."

"ఏ తోట ఇడ్సిపెడదాం?"

"మీదే బోరుకు దగ్గర. మాదే ఎండనీలే."

అంత మాట అంత తేలికగా అనేసింది. అన్నదమ్ములు నెలల తరబడి తేల్చలేనిది తట్టలు సర్దుతూ తేల్చేసింది.

"ఇంకేం మ్మే! పోయి చావిడిలో కూర్చొని చెప్పండి" అంది పెద్దమ్మ. "మా మేడం ఓట్లకు నిలబడినప్పుడు అట్లనే చేసినాది. ఆడ మగోళ్ళు కూర్చొని రాజకీయాలు మాట్లాడుకునే సావిళ్ళు ఉంటాయి, దివానియాలంటారు. నేరుగా దాంట్లేకే పోయినాది. వాళ్ళ మామ మూతి ముడుచుకున్యా ఆగలా."

"గెలిచినాదా?"

"యాడ గెలిచినాది, ఓడిపోయె. అయినా దాని మాట అది చెప్పుకొనే వచ్చినాది."

"నీకేం పెద్దమ్మా, అది కువైట్. ఈడ నేను చావిడెక్కితే మా అత్త ఊరుకుంటాదా?" అన్నాను.

"మీ అత్త పోయి యాడాదాయె కదమ్మే!"

"పటంలో నుంచి దిగొచ్చి కొడ్తాది" అంది చెల్లి. ముగ్గురం తట్టలు కదిలేటట్టు నవ్వాం.

చివరికి మా ఊరి ఆడవాళ్ళు ఎప్పుడూ చేసే పనే చేశాం. ఎవరి మొగుడికి వాళ్ళు ఇంట్లో చెప్పి పంపాలనుకున్నాం. మగవాళ్ళ నోట వస్తే వాళ్ళ మాటే అవుతుంది, పని జరుగుతుంది. అన్నం పెడుతూ మా ఆయనకు చెప్పాను. ముద్ద కలుపుతూనే "బాగానే ఉండాది, చెప్తాలే" అన్నాడు. మరిది కూడా "నేనూ అదే అనుకుంటాండా" అన్నాడని మర్నాడు చెల్లి చెప్పింది. పని అయిపోయినట్టే సంతోషపడ్డాం.

ఆదివారం చావిడి వెనక గోడకు చెవులు ఆనించి నిలబడ్డాం.

"ఏమప్పా, మీ మనసుల్లో ఏముందో చెప్పండి" అన్నాడు ఊరి పెద్ద.

"పెద్దోణ్ణి, నేనేల ముందు దిగొచ్చేది? వాణ్ణే చెప్పమను" అన్నాడు మా ఆయన.

"అన్న ఉండంగ నేను నోరు తెరిస్తే ఏం మర్యాద? ఆయప్పనే చెప్పమనండి" అన్నాడు మరిది.

మళ్ళీ మళ్ళీ అదే. చెల్లి గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. పెద్దమ్మ ఆపుకోలేక "ఎవురో ఒకరు చెప్పండప్పా!" అని కేకేసింది. "గోడెనక కోళ్ళు కూస్తాండాయి" అన్నారెవరో లోపల. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే చెల్లి గోడ తిరిగి పోయి చావిడి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మరిది చూశాడు. "నీకేం పని ఈడ? ఇంటికి పో" అన్నాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. మా ముగ్గురిలో ఆ మెట్టు మీద కాలు పెట్టింది ఆమె ఒక్కతే.

ఎవరి బోరు వాళ్ళు వేసుకోండని తీర్పు చెప్పారు పెద్దలు. అందాకా గొడవ రాకుండా పాత బోరు స్టార్టరు పెట్టె తాళం తమ దగ్గర పెట్టుకున్నారు. పురుగులు నాలుగో జ్వరం లేచే వేళకు రెండు తోటలూ వాడిపోయాయి. మా దాంట్లో మిగిలిన ఆకు చెల్లికి ఇచ్చాను. కొత్తచెరువు ఊరి దాకా పోయి ఆకు కొని తెచ్చినా చాలలేదు. తలలెత్తి మేత కోసం వెతికే పురుగుల్ని ఇద్దరం తట్టలతోనే దిబ్బలో పోశాం. కొత్త బోర్లు రెండు చోట్లా తెల్లటి దుమ్మే లేపాయి. తాళం తిరిగి వచ్చేసరికి పాత బోరు కూడా ఒట్టిపోయింది.

"వాడొక్క మాట అనుంటే నేను సరే అందును" అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. అదే మాట మరిదీ అంటాడని చెల్లి చెప్పింది. ఇద్దరూ మా మాటను మనసులో పెట్టుకొనే వెళ్ళారు, మనసులో పెట్టుకొనే తిరిగి వచ్చారు. అంత చదివిన నాకు, ఆడవాళ్ళ మాట ఇట్లా దారిలోనే ఆగిపోగలదని పుస్తకంలో ముందే కనబడిన నాకు, మా ఇంట్లో అదే జరుగుతుంటే తట్టలేదు. ఆ పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పెద్దాయన ఎట్లుందమ్మా అని అడిగితే, మొదటిసారి క్లుప్తంగా బాగుందన్నాను.

పెద్దమ్మ తెలిసినవాళ్ళతో మాట్లాడి చెల్లికి కువైట్‌లో ఒక ఇంట పని కుదిర్చింది. పోయే ముందు ఇద్దరం ఎండిన మల్బరీ మోళ్ళు పెకలించాం. గడ్డపార దిగని నేల. అక్కడి ఆడవాళ్ళు సభల్లో కూర్చుంటారని, అదంతా చూసే వీలుంటుందని ఏదో ధైర్యం చెప్పబోయాను.

"కూర్చోనీలే అక్కా, మంచిదే. నేను వంటింట్లోనే కదా ఉండేది" అంది.

తన మోళ్ళ కుప్ప చూపించి వాళ్ళింటికి తోలడానికి ఎడ్ల బండి తెప్పించనా అన్నాను.

"నాకేల కట్టెలు? నువ్వే ఏసుకో" అంది.

రెండు తోటల మోళ్ళూ మా వాకిట్లోనే పడ్డాయి.