దొర ఆకు ఖాళీ చేశాడు

ఆ రోజుల్లో మనిషి అన్నం తిన్నాక మెచ్చుకునేవాడు. ఇప్పుడు తినకముందే మెచ్చుకోవాలట. మొన్న మా మనవరాలు ఫోనులో బిరియానీ తెప్పించింది. బిరియానీ ఇంకా హోటల్లో పొయ్యి మీదే ఉంది, ఫోను మాత్రం తెచ్చే అతనికి టిప్పు ఎంత ఇస్తారని అడుగుతోంది. "ఏం చూసి ఇయ్యాల? మొకమన్నా చూడలేదే!" అని నేను కేకలు వేస్తే, "తాతా, నీకు బీపీ ఉండాది, ఊరుకో" అంది. (నాకు బీపీ లేదు. అన్యాయం చూస్తే ఒళ్లు మండుతుంది, అంతే.) కొన్ని దేశాల్లో టిప్పు ఇవ్వకపోతే మొహం మాడ్చుకుంటారట, కొన్ని చోట్ల వాళ్లే బిల్లులో కలిపేసుకుని మనం ఇచ్చినట్టు దండం పెడతారట. కానీ ఇస్తేనే తప్పయ్యే దేశం ఒకటుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక మనిషి చెప్పాడు. అది చెప్పడానికి ఆయన, నేను, మా అమ్మ ముగ్గురమూ నానా తిప్పలు పడ్డాం.

చిల్లకూరు దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నేను, చిల్లర కొట్టు పొట్లాలు విప్పి, ఆ పాత పేపర్లు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. (అందుకే నా ఇంగ్లీషు ఈనాటికీ వాక్యం మధ్యలో చిరిగిపోతుంది.) నాకు ఇరవై దాటిన కొత్తల్లో మా ఒడ్డున రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ పెట్టి, దాన్ని చూసుకోవడానికి జపాను నుంచి ఒకాయన్ను తెచ్చారు. ఊరంతా ఆయన్ను జపాను దొర అనేది. హేచరీ ఓనరు మా వీధిలోకి వచ్చి "ఇంగ్లీషు తెలిసినోడు ఎవురన్నా ఉండారా?" అంటే నేనే ముందుకు పోయాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "సరే, దొర పక్కనే ఉండు. సీజను అయ్యేదాకా ఆయన నిలబడితే నీ ఉద్యోగం పర్మినెంటు. ఆయన పెట్టె సర్దినాడా, నువ్వూ సర్దుకో" అన్నాడు. మా ఇంట్లో అప్పటిదాకా నెల జీతం ఎరిగినవాళ్లు లేరు. ఉద్యోగం పర్మినెంటు అయినట్టే మా అమ్మ అప్పుడే చర్చిలో అందరి ముందూ లేచి, దేవుడు మేలు చేశాడని సాక్ష్యం కూడా చెప్పేసింది.

దొరేమో తినడు. బ్రెడ్డు, అరటిపండు, మళ్లీ బ్రెడ్డు. రోజురోజుకీ చొక్కా వదులవుతోంది. ఇలా కాదని జీపులో నాయుడుపేట తీసుకుపోయి పెద్ద హోటల్లో భోజనం పెట్టించాను. నాలుగు ముద్దలు బలవంతాన మింగాడు. లేచేటప్పుడు దొర పరువు నిలబడాలని సోంపు పళ్లెంలో ఆయన పేరు మీద నేను టిప్పు పెట్టాను. గుమ్మం దాటామో లేదో, దొర వెనక్కి పరుగెత్తి ఆ డబ్బు తీసుకొచ్చి నా జేబులో పెట్టాడు. "ఫర్గాట్, ఫర్గాట్!" అంటాడు. నేను మళ్లీ వెళ్లి పెట్టాను. ఆయన మళ్లీ తెచ్చాడు. సర్వరు మీసాలాయన నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏంది సామీ ఇది? పెట్టేది ఒకురు, ఎత్తకపొయ్యేది ఒకురా? ఇద్దురూ కలిసే వచ్చినారే!" అని హాలంతా వినపడేలా అన్నాడు. దారిలో అది మరిచిపోయిన డబ్బు కాదు, టిప్పని నేను చెబితే, దొర నాకు ఓపిగ్గా చెప్పాడు. వాళ్ల దేశంలో వండేవాడు బాగా వండటం మామూలు, దానికి విడిగా డబ్బు పెడితే చిన్నచూపు చూసినట్టు. నచ్చితే నోటితో చెప్పాలి, లేదా తనూ ఏదైనా వండి తీసుకుపోవాలి. అంతా చెప్పి, ఈ తిండితో తన వల్ల కాదని, సోమవారం మద్రాసు వెళ్లిపోతానని చల్లగా ముగించాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ గరిటె పక్కన పెట్టింది. "హోటలు కూడు తిని ఎవురన్నా నిలబడతారా? ఆదివారం చర్చి అయినాక పిలకరా. ఎట్టా పోతాడో నేనూ చూస్తా."

శనివారం సాయంత్రమే వంజరం చేప ముక్కలు, మామిడికాయ వేసి పులుసు పెట్టి, కుండలోనే ఊరనిచ్చింది. (ఇప్పుడు పట్నం హోటళ్లలో నెల్లూరు పులుసని చెప్పి మీగడ కలిపి పోస్తున్నారు. వాళ్లను ఏం చెయ్యాలో చట్టంలో లేదు.) ఆదివారం దొర వచ్చి చాప మీద ఆకు ముందు కూర్చుని, రెండు చేతులూ జోడించి ఏదో గొణిగాడు. అమ్మ కళ్లు చెమర్చాయి. "చూసినావా, ప్రార్థన చేసుకోకుండా ముద్ద ముట్టలా. బంగారు తండ్రి!" అంది. (అది వాళ్ల దేశంలో తినేముందు అందరూ అనే మాటని నాకు తర్వాత తెలిసింది. అమ్మకు చెప్పలేదు.) మొలగొలుకుల బియ్యం అన్నం, పులుసు కలిపి మొదటి ముద్ద పెట్టుకోగానే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆగలేదు. ముళ్లు తీయడంలో మమ్మల్ని మించిపోయాడు. ఒక్క మెతుకు మిగలకుండా ఆకు తుడిచినట్టు తిన్నాడు. నేను లోలోపల ఎగిరి గంతేశాను.

అక్కడే వచ్చింది చిక్కు. ఆకు ఖాళీ అయితే మా అమ్మ ఊరుకోదు. మళ్లీ అన్నం పెట్టింది. ఆకులో మెతుకు వదిలితే దొర మనసు ఒప్పుకోదు. మళ్లీ ఖాళీ చేశాడు. అమ్మ మళ్లీ పెట్టింది. దొర నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. ఒకసారి దీనంగా రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాడు. "మొగమాటపడతా ఉండాడు పాపం" అని అమ్మ ఆయన వేళ్ల సందుల్లోంచి పులుసు పోసింది. ఆయన నా వైపు చూసి "మదర్... స్ట్రాంగ్" అన్నాడు. "ఏమంటాడ్రా?" అంది అమ్మ. "నీకు ఓపిక ఎక్కువంటున్నాడు" అన్నాను. ఆ మెప్పుకి ఇంకో గరిటెడు పడింది. మనలో చాలు అనడానికి నోరూ పనికిరాదు, చెయ్యీ పనికిరాదు. ఆకు మడిస్తేనే చాలినట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మడుస్తున్నాను గనక, అది ఒకరికి చెప్పాల్సిన సంగతని నా బుర్రకు తట్టనే లేదు.

చివరికి అమ్మ నన్ను పక్కకు పిలిచి, "అన్నం కుండ అడుగంటింది రా! పక్కింటి అక్కని అడిగి గిన్నెడు అన్నం పట్టకరా, పరువు పోతాది" అంది. నేను అడిగేసరికి ఆ అక్క గిన్నెతో తనే వచ్చింది, వింత చూడటానికి. గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం చూసి, "అదేంది అత్తా, ఆకు మడవమని ఆయనకి చెప్పినారా ఎవురన్నా?" అంది. నేను వంగి చేత్తో సైగ చేసి చూపించాను. దొర పెళ్లి పత్రిక మడిచినంత జాగ్రత్తగా ఆకు మడిచి, పాకుతూ పోయి వాకిట్లో మంచం మీద పడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఓనరు జీపు వచ్చింది. "ఏం పెట్టినార్రా ఈయనకి? బతికుండాడా?" అని ఓనరు మంచం చుట్టూ తిరిగాడు. దొర ఒక కన్ను తెరిచి "మదర్ గుడ్" అని మళ్లీ మూశాడు. ఓనరు నన్ను అదోలా చూసి, "రేపు ఈయన ఉంటే మాట్లాడదాం" అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి మా ఇంట్లో నా ఉద్యోగం కోసం ప్రార్థన జరిగింది.

సోమవారం దొర మద్రాసు పోలేదు. సాయంత్రం ఇసకలో నడుచుకుంటూ స్టీలు క్యానుతో మా ఇంటికొచ్చాడు. వాళ్ల ఇంటి పద్ధతిలో తనే కాచిన చేప రసం అందులో ఉంది. అమ్మకు గిన్నెలో పోసి ఇచ్చాడు. కారం లేదు, పులుపు లేదు, ఉప్పు ఉందో లేదో దేవుడికే తెలియాలి. అతిథి తెచ్చింది గదా అని అమ్మ కళ్లు మూసుకుని తాగేసింది. దొర మొహం వెలిగిపోయింది. మా మర్యాద ఆయనకు బాగా వంటబట్టింది కాబోలు, వెంటనే గిన్నె నింపాడు. అమ్మ తాగింది. మళ్లీ నింపాడు. అమ్మ చేతులు అడ్డం పెడితే, చిరునవ్వుతో ఆమె వేళ్ల సందుల్లోంచి పోశాడు.

"ఒరే అబ్బయా, చాలని చెప్పరా!"

"ఎట్టా చెప్పేదిమా? మడిచేదానికి అది ఆకా? స్టీలు గిన్నె!"

అమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే గిన్నె నేల మీద బోర్లించేసింది. దొర కూడా మోకాళ్లు చరుచుకుంటూ నవ్వాడు. ఆ మనిషి అలా పగలబడి నవ్వడం అదే నేను మొదటిసారి చూడటం.

ఆయన సీజను మొత్తం ఉన్నాడు. ఆదివారం మా ఇంట్లోనే భోజనం. ఓనరు నా భుజం తట్టి, "దొరని నిలబెట్టింది నువ్వే" అని పర్మినెంటు చేశాడు. నేను ఖండించలేదు. కానీ ఒక ఆదివారం వాకిట్లో అమ్మ, దొర ఎదురెదురుగా కూర్చుని ఏదో చెప్పుకుంటున్నారు. ఆమె తెలుగులో, ఆయన జపానులో. మధ్యలో చేప ఆకారాలు, ఉప్పు చిటికెలు, చేతులతోనే. జీతం తీసుకుంటున్నానే, ఏదో ఒకటి తర్జుమా చెయ్యకపోతే ఎలాగని, ఇంగ్లీషు మాటలు నోట్లో సిద్ధం చేసుకుని నేను మధ్యలో పోయి నిలబడ్డాను. ఇద్దరూ నన్ను చూసి మాట ఆపారు.

"నువ్వు పోయి నీళ్లు తోడు నాయనా" అంది అమ్మ. "మేము మాట్లాడుకుంటా ఉండాం."

వెళ్లి తోడాను. చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని, పర్మినెంటు ఉద్యోగి హోదాలో, బిందె తొణకకుండా.